పదకొండో నంబరు

తుఫాను రోజుల్లో పేపరు తిరగేసే తెలుగువాళ్ళకి ఈ వార్త కొత్త కాదు: మచిలీపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మర్నాటికి అది అయిదో ఏడో అవుతుంది. పదో నంబరు పడిందంటే తీరంలో ఇక ఎవరికీ కంటిమీద కునుకుండదు. పది దాటాక నంబరు లేదనే చాలామంది అనుకుంటారు. ఉంది, పదకొండో నంబరుంది. పదికంటే పెద్ద తుఫాను వస్తే ఎగరేసే గుర్తు అనుకుంటే పొరపాటే. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం ప్రమాదకరంగా మారబోతోందని ఇక్కడి అధికారి అనుకుంటున్నాడు. పదకొండుకి అర్థం ఇదీ.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. పైనుంచి ఉత్తర్వు వస్తే ఏం చెయ్యాలో చెప్పే సర్కారీ కాగితాలు కోకొల్లలు. పైనుంచి ఏ కబురూ రాకపోతే అక్కడున్న మనిషే కళ్ళారా చూసి నిర్ణయం తీసుకోవచ్చని, ఆ నిర్ణయానికీ ఒక గుర్తు ఉందని ముందే రాసిపెట్టిన కాగితం మాత్రం నా కంటపడినంతలో ఇదొక్కటే. ఈ నంబర్ల వరస ఎక్కడ పుట్టిందా అని వెతుక్కుంటూ పోతే లండను, కలకత్తా, కోరంగి, హాంగ్‌కాంగ్ అన్నీ తగిలాయి.

ముందు ఆ వరస సంగతి చూద్దాం. ఒకటి, రెండు నంబర్లు దూరపు కబుర్లు. ఎక్కడో నడిసముద్రంలో గాలులు ముదురుతున్నాయంటే ఒకటి, అక్కడ తుఫాను ఏర్పడిందంటే రెండు. రేవుకి ముప్పేమీ లేదు, రేవు విడిచి వెళ్ళే ఓడలకి మాత్రం ఆ ఎరుక కావాలి. మూడు, నాలుగు ఆ రేవుకే సంబంధించినవి. మూడంటే ఈదురుగాలులు రావచ్చు. నాలుగంటే తుఫానే రావచ్చు, అయితే గట్టి జాగ్రత్తలు పడాల్సినంత దగ్గరికి ఇంకా రాలేదు. అయిదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదం.

అసలు కిటుకు ఇక్కడుంది. ఎనిమిది కంటే తొమ్మిది, తొమ్మిది కంటే పది పెద్దదని జనం లెక్క. నిజానికి ఆ మూడూ ఒకే తీవ్రత ఉన్న తుఫానుకి సంబంధించినవి. తేడా అంతా పక్కల్లో ఉంది. తుఫాను నడిచే దారికి రేవు ఎడమ పక్కన పడితే ఎనిమిది, కుడి పక్కన పడితే తొమ్మిది, తుఫాను రేవు మీదుగానో మరీ దగ్గరగానో పోతే పది. అయిదు, ఆరు, ఏడుకీ ఇదే లెక్క, ఆ తుఫాను కాస్త చిన్నది, అంతే.

పక్క మారితే ఏమవుతుంది? చాలా అవుతుంది. మన అర్ధగోళంలో తుఫాను గాలి అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. బంగాళాఖాతంలోంచి పడమరగా వచ్చే తుఫానుకి ఉత్తరం కుడిపక్క అవుతుంది, దక్షిణం ఎడమపక్క. కుడిపక్కన గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది, నీళ్ళని ఊళ్ళ మీదికి తోస్తుంది. ఎడమపక్కన నేల మీంచి సముద్రం మీదికి వీస్తుంది. ఇళ్ళ కప్పులు ఎగిరిపోవచ్చు గాని సముద్రం ఊళ్ళోకి రావడం అరుదు. ఉప్పెన కుడిపక్కదే. కాబట్టి సముద్రానికి కూతవేటు దూరంలో గుడిసె వేసుకున్నవాడికి ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య తేడా ప్రాణంతో సమానం. ఆ తేడాని స్తంభం మీది గుర్తు చెప్తూనే ఉంది. వినాల్సినవాళ్ళకి దాని భాష ఎవరూ నేర్పలేదు, ఎందుకంటే అది మొదటినుంచీ ఓడ కెప్టెన్ల కోసం తయారైన భాష. నల్లటి శంకువులు, పీపాల్లాంటి ఆకారాలు పగలు స్తంభానికి వేలాడదీస్తారు, రాత్రయితే ఎర్రవి, తెల్లవి దీపాలు. దూరాన్నుంచి దుర్భిణీతో చూసేవాడికి అర్థమైతే చాలని అప్పట్లో అనుకున్నారు.

చిన్న రేవులకి ఇంత పెద్ద వరస అక్కర్లేదని ఒక పొట్టి పద్ధతి కూడా పెట్టారు. అందులో అయిదే గుర్తులు: మూడు, నాలుగు, ఏడు, పది, పదకొండు. పక్కలు చెప్పే నంబర్లన్నీ తీసేశారు, దూరపు కబుర్లూ తీసేశారు, పదకొండుని మాత్రం తియ్యలేదు. చిన్న రేవులోనే తీగ తెగే అవకాశం ఎక్కువని ఆ పట్టిక రాసినవాళ్ళకి తెలుసు. నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

నంబరు పెరిగితే తీవ్రత పెరిగినట్టని అనుకోవడం మనవాళ్ళ ఒక్కరి అలవాటు కాదు. హాంగ్‌కాంగ్‌లోనూ ఇలాంటి వరసే ఉండేది. అక్కడ అయిదు నుంచి ఎనిమిది దాకా నంబర్లు గాలి ఏ దిక్కునుంచి వీస్తుందో చెప్పేవి, నాలుగింటికీ గాలి జోరు ఒకటే. జనం మాత్రం అయిదు కంటే ఎనిమిది పెద్దదనుకునేవారు. చివరికి 1973 జనవరి 1 నుంచి అక్కడివాళ్ళు నంబర్లే మార్చేశారు. అయిదు, ఆరు, ఏడు ఎత్తేసి నాలుగింటికీ ఎనిమిదే పెట్టి, పక్కన వాయవ్యమో నైరుతో ఈశాన్యమో ఆగ్నేయమో దిక్కు రాశారు. అందుకే ఇవాళ హాంగ్‌కాంగ్‌లో మూడు తర్వాత ఎకాయెకి ఎనిమిది. ఎనిమిది పడిందంటే బళ్ళు, ఆఫీసులు మూసేసి జనం ఇళ్ళకి పోతారు. జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారని తెలిశాక జనాన్ని తిట్టకుండా పట్టికనే దిద్దుకున్న ఆ పని నాకు చాలా నచ్చింది. మన పట్టిక 1898 ఏప్రిల్ 1న దేశంలోని రేవులన్నిటికీ ఒకటే అయింది. ఆ తర్వాత దానిలో వచ్చిన మార్పులు స్వల్పం.

స్తంభానికి శంకువులు వేలాడదీయాలన్న ఆలోచన ఇంగ్లండు నుంచి వచ్చింది. డార్విన్‌ని బీగిల్ ఓడలో ప్రపంచమంతా తిప్పిన కెప్టెన్ రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ తర్వాతి కాలంలో వాతావరణ శాఖకి పెద్ద అయ్యాడు. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ తుఫానులో పగిలి వందలమంది చనిపోయాక, 1861 నుంచి ఆయన టెలిగ్రాఫ్ మీద రేవులకి కబురు పంపి శంకువులు, పీపాలు ఎగరేయించాడు. అంచనాలు తప్పినప్పుడల్లా పత్రికలు ఎద్దేవా చేశాయి. 1865లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది పండితుల కమిటీ ఒకటి ఈ హెచ్చరికలకి శాస్త్రీయమైన పునాది లేదని తేల్చి ఆపించేసింది. తీరంలో గోల మొదలైంది. సముద్రం మీద బతికేవాళ్ళకి ఆ శంకువు సగం సార్లు తప్పినా మిగతా సగం చాలు. 1867లో మళ్ళీ మొదలుపెట్టక తప్పలేదు.

ఫిట్జ్‌రాయ్ పోయిన ఆ 1865లోనే కలకత్తా రేవులో మన దేశపు మొదటి తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. దాని వెనక ఉన్న సంవత్సరం 1864. ఆ ఏడాదిని వదిలి ముందుకి పోవడానికి నాకు మనసు రాదు.

1864కి ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. హెన్రీ పిడింగ్టన్ ఇంగ్లండునుంచి వచ్చిన నావికుడు, కలకత్తాలో స్థిరపడ్డాడు. ఓడ ప్రమాదాలు విచారించే కోర్టుకి అధ్యక్షుడుగా పనిచేశాడు. తుఫానులో చిక్కి బతికి బయటపడ్డ ప్రతి ఓడ చిట్టా పుస్తకమూ తెప్పించుకునేవాడు. ఏ గంటకి గాలి ఎటునుంచి వీచింది, భారమితి ఎంత పడింది, ఓడ ఎక్కడుంది అని వాటిని పటం మీద గుర్తులు పెట్టుకునేవాడు. అలా ఒక్కొక్క తుఫానుకీ ఒక్కొక్క వ్యాసం చొప్పున ఏషియాటిక్ సొసైటీ పత్రికకి రాశాడు. సైక్లోన్ అన్న పేరు పెట్టింది ఆయనే. 1848లో నావికుల కోసం అచ్చువేసిన పుస్తకంతోపాటు జంతువు కొమ్ముతో చేసిన, అవతలి గీతలు కనిపించేంత పలచని రేకులు రెండు ఇచ్చేవారు. రేకు మీద గాలి సుడి గీసి ఉంటుంది, ఒకటి ఉత్తరార్ధగోళానికి, రెండోది దక్షిణార్ధగోళానికి. కెప్టెన్ ఆ రేకుని తన సముద్ర పటం మీద పెట్టి, తన ఓడ ఉన్నచోట వీస్తున్న గాలి రేకు మీద బాణంతో కలిసేదాకా జరుపుతాడు. కలిసిందంటే రేకు మధ్య చుక్క ఎటువైపు ఉందో తుఫాను నడిమి అటువైపు ఉంది. టెలిగ్రాఫ్ లేని, ఏ కేంద్రంతోనూ సంబంధం ఉండని నడిసముద్రంలో ఒంటరి మనిషి చేతికి ఆయన ఇచ్చిన పనిముట్టు అది. పదకొండో నంబరుకి తాతగా నేను లెక్కపెట్టుకునేది ఆ కొమ్ము రేకునే.

పిడింగ్టన్ కాగితాల్లో మన కోరంగి వస్తుంది. గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట అప్పట్లో పెద్ద రేవు, ఓడలు కట్టే ఊరు. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు వరసగా వచ్చి ఊరిని ముంచాయి. మళ్ళీ 1839 నవంబరులో వచ్చిన ఉప్పెనతో ఆ రేవు ఇక కోలుకోలేదు. ఊరు పోయినా పేరు మాత్రం సముద్రం దాటింది. ఈ తీరంనుంచి బర్మాకి కూలికి పోయిన తెలుగువాళ్ళనందరినీ అక్కడివాళ్ళు కొరంగీలనే పిలిచారు. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవుల మధ్య పడవ షికారు. ఎదురుగా హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ కాకినాడకి అడ్డుగా పడుకుని ఉంటుంది. అటు వెళ్ళే పర్యాటకులకి ఆ రెండు ఉప్పెనల సంగతి చెప్పే పలక ఒకటి కనిపిస్తే బాగుంటుందని నా కోరిక.

పిడింగ్టన్ బతికుండగానే కలకత్తాకి దిగువన మాత్లా నది మీద కొత్త రేవు కట్టాలని సర్కారు తలపెట్టింది. 1853లో ఆయన గవర్నరు జనరల్ డల్హౌసీకి బహిరంగంగా ఉత్తరం రాశాడు. అక్కడి మడ అడవి కొట్టి ఊరు కడితే ఏదో ఒకనాడు ఉప్పెన వచ్చి ఆ ఊరిని ఊడ్చేస్తుందన్నది అందులోని సారం. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన 1858లో పోయాడు. రేవు కట్టారు, పోర్ట్ కానింగ్ అని పేరు పెట్టారు. 1867 నవంబరులో తుఫాను వచ్చింది. ఆ తర్వాత ఆ ఊరు రేవుగా నిలబడలేదు.

ఇక 1864. అక్టోబరు 5న కలకత్తాకి తుఫాను వచ్చింది. హుగ్లీ నది వెంబడి ఉప్పెన లోపలికి దూసుకొచ్చింది. రేవులో కట్టేసిన ఓడలు తాళ్ళు తెంచుకుని ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అరవై వేలమంది చనిపోయారని లెక్క కట్టారు. సరిగ్గా 27 రోజులకి, నవంబరు 1న, మచిలీపట్నం, అంటే బందరు వంతు. ఆ రాత్రి సముద్రం బందరు ఊరంతటి మీదా పారింది. ముప్పై వేల ప్రాణాలు పోయాయని గెజిటీర్లు రాశాయి. అప్పటికి రెండు వందల ఏళ్ళకి పైగా డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు వ్యాపారం చేసిన రేవది. కలంకారీ గుడ్డలు ఓడల్లో పర్షియా దాకా పోయినచోటది. కోటా, గిడ్డంగులూ, మిషనరీల బళ్ళూ అన్నీ పల్లపు నేల మీదే ఉన్నాయి. మిషన్ వాళ్ళ హాస్టల్లో ఉన్న ఆడపిల్లల్లో చాలామంది ఆ రాత్రి నీళ్ళలో పోయారు. పల్లెకారులు, నేతగాళ్ళు, ఉప్పు కొఠారుల్లో కూలీలు ఎంతమందో పేరు పేరునా రాసిన కాగితం లేదు. ఆ ముప్పై వేలు ఒక అంకెగానే మిగిలిపోయాయి.

ఈ రెంటికీ జరిగిన మర్యాద చూడండి. కలకత్తా తుఫాను మీద గాస్ట్రెల్, బ్లాన్‌ఫర్డ్ అనే ఇద్దరు కూర్చుని గంట గంటకీ గాలి లెక్క తీసి 1866లో పెద్ద నివేదిక అచ్చువేశారు. రేవులో హెచ్చరిక స్తంభం అంతకు ముందే, 1865లోనే లేచింది. 1875లో దేశానికంతా వాతావరణ శాఖ పెట్టినప్పుడు ఆ బ్లాన్‌ఫర్డే దానికి మొదటి పెద్ద. కలకత్తాలో మునిగిన ఓడల వెనక వ్యాపారుల సంఘాలున్నాయి, బీమా కంపెనీలున్నాయి. బందరుకి అప్పటికే వ్యాపారం సన్నగిల్లింది. బంగాళాఖాతపు ఇతర రేవులకి ఈ ఏర్పాటు విస్తరించేసరికి 1880లు వచ్చాయి. ఏడాది తిరక్కుండా కలకత్తాకి అందింది బందరుకి అందడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. తుఫాను నెలరోజుల తేడాలో రెండు ఊళ్ళకీ వచ్చింది. హెచ్చరిక మాత్రం డబ్బున్న ఊరికి ముందు వెళ్ళింది. దీన్ని చరిత్రలో మామూలే అని వదిలెయ్యడం నాకు చేతకాదు.

అక్కణ్ణుంచి డెబ్భై ఎనభై ఏళ్ళు త్వరగా దాటెయ్యవచ్చు. బ్లాన్‌ఫర్డ్ తర్వాత ఇలియట్ వచ్చాడు, బంగాళాఖాతపు తుఫానుల మీద నావికులకి చేతిపుస్తకం రాశాడు, ఆయన హయాంలోనే 1898 నాటి ఉమ్మడి వరస అమల్లోకి వచ్చింది. రేవుకి కబురు టెలిగ్రాంలో వచ్చేది. రేవు దాటి ఊళ్ళోకి ఆ కబురు ఎలా పోయేదన్నదే అసలు ప్రశ్న. కలెక్టరునుంచి తాసిల్దారుకి, తాసిల్దారునుంచి మునసబుకి, కరణానికి. చివరికి ఊరి వెట్టివాడు డప్పు భుజాన వేసుకుని వీధి వీధినా ఆగి చాటింపు వేసేవాడు. శిస్తు కట్టమన్నా, కలరా వచ్చిందన్నా, గాలివాన వస్తోందన్నా అదే డప్పు, అదే గొంతు.

ఆ దండోరాని తలచుకుని పరవశించేవాళ్ళున్నారు. నేను ఆ గుంపులో లేను. ఆ డప్పు వెనక కులం ఉంది, కూలి లేని చాకిరీ ఉంది. ఊరందరికీ హెచ్చరిక చెప్పి తిరిగొచ్చేవాడి గుడిసె ఊరి చివర పల్లంలో ఉండేది, నీళ్ళు ముందు వచ్చేది అక్కడికే. అయినా ఆ వ్యవస్థలో ఒక గుణం ఉంది: ఈ ఊళ్ళో ఈ కబురు ప్రతి గడపకీ చేర్చాల్సిన బాధ్యత ఫలానా మనిషిది అని అందరికీ తెలుసు. 1984లో మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి. పోవాల్సినవే, వాటి పెత్తనం అలాంటిది. వాటితోపాటు ఆ చివరి మెట్టు బాధ్యత కూడా పోయింది. దాన్ని కులం ముద్ర లేకుండా, జీతమిచ్చి, గౌరవమిచ్చి వెంటనే మరొకరికి అప్పజెప్పాల్సింది. ఆ తర్వాత వచ్చిన ఉద్యోగాలు పేర్లు మార్చుకుంటూ పోయాయేగాని, తుఫాను రాత్రి ఎవరు తలుపు తట్టాలన్నది చాలా ఊళ్ళలో ఇప్పటికీ తేలలేదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ గురించి తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పేదేముంటుంది? అయినా పక్కల లెక్క ఒకసారి చూడండి. వారం ముందే, 12న, ఒక తుఫాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటింది. రెండోది చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో దాటింది. దానికి కుడిపక్కన ఉన్నది దివిసీమ. అయిదారు మీటర్ల ఎత్తున లేచిన నీళ్ళు సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మీదుగా లోపలికి మైళ్ళ దూరం పోయాయి. అధికారిక లెక్కల్లోనే పదివేల దాకా చనిపోయారు. రేడియోలో హెచ్చరికలు వచ్చాయి. తుఫాను ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో చెప్పారు. విన్నవాళ్ళలో ఎంతమందికి తాము కుడిపక్కన ఉన్నామని తెలుసు? తెలిసినా ఎక్కడికి ఎక్కాలి? మేడలు లేవు, గట్లు లేవు. తాడిచెట్ల మొవ్వులు, తుమ్మ కొమ్మలు పట్టుకుని తెల్లారేదాకా వేలాడినవాళ్ళు బతికారు. తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లో తిరిగారు, దేశమంతా కదిలింది. అక్కడి నాయకుడు మండలి వెంకటకృష్ణారావు ఆ నేలని మళ్ళీ నిలబెట్టడానికి పడ్డ పాటు దివిసీమ మరిచిపోలేదు.

ఆ ఉప్పెన తర్వాతే తుఫాను షెల్టర్లు మన తీరానికి పెద్ద ఎత్తున వచ్చాయి. కింద నీళ్ళు పోవడానికి స్తంభాల మధ్య ఖాళీ, పైన మనుషులు నిలబడే హాలు, ఆపైన డాబా. ఆ నిర్మాణంలో బుద్ధి ఉంది. తర్వాత ఉపగ్రహం వచ్చింది. ఇన్సాట్ ద్వారా తీరంలో ఎంచుకున్న ఆఫీసుల్లో ఉన్న పెట్టెలకి హెచ్చరిక నేరుగా పంపే ఏర్పాటు 1980లలో జరిగింది. పెట్టెలో ఉన్నట్టుండి సైరన్ మోగేది, వెంటనే తెలుగులో మనిషి గొంతు వినిపించేది. నడుమ తీగ లేదు గనక తెగేదేమీ లేదు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుఫాను 1977 దానికి ఏమాత్రం తీసిపోదు. అప్పుడు ఆరు లక్షలమందికి పైగా జనాన్ని ముందే తరలించారు, మృతుల సంఖ్య వెయ్యి లోపు ఆగింది. పదమూడేళ్ళలో సాధించిన పని అది. దాన్ని మనం ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

1996 నవంబరు 6 వేరే పాఠం నేర్పింది. కాకినాడకి దక్షిణాన తీరం దాటిన ఆ తుఫాను చిన్నది, వేగంగా ముదిరింది. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి పల్లెల మగవాళ్ళు అప్పటికే వేటకి సముద్రం మీద ఉన్నారు. స్తంభం మీద ఏ నంబరు ఎగిరితే ఏం, అది నడిసముద్రంలో పడవకి కనపడదు.

అక్కడ గాలినే చదువుకోవాలి. బందరు దగ్గరి గిలకలదిండి హార్బరులో ఒక పెద్దాయన, వెనకటికి మరబోటు సరంగు, గాలి చూడడం ఎలాగో నాకు చేసి చూపించాడు. గాలికి వీపు పెట్టి కాళ్ళు కాస్త ఎడంగా వేసి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి చాపాడు. గాలివాన నడిమి అటుంటుంది బాబూ, కొంచెం ముందుకి, అన్నాడు. తర్వాత చెయ్యి మెల్లిగా తిప్పుతూ మిగతాది చెప్పాడు. గాలి మొదట ఉత్తరంనుంచి మొదలై గంటలు గడిచేకొద్దీ ఈశాన్యానికి, తూర్పుకి తిరుగుతుంటే మనం కుడిపక్కన ఉన్నాం, నీళ్ళొస్తాయి, ఎత్తుకి పోవాలి. ఉత్తరంనుంచి వాయవ్యానికి, పడమరకి తిరిగితే ఎడమపక్కన ఉన్నాం, కప్పులూ చెట్లూ చూసుకోవాలి. ఎటూ తిరక్కుండా జోరు మాత్రం పెరుగుతుంటే నేరుగా మన మీదికే వస్తోంది. ఆ మూడోది అన్నిటికంటే మోసం. హోరు ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఒక్కోసారి చుక్కలు కూడా కనపడతాయి, జనం బయటికొచ్చి పశువుల కోసం, పడిపోయిన పాకల కోసం వెతుకుతారు. అది తుఫాను కన్ను. అది దాటగానే గాలి దక్షిణంనుంచి మళ్ళీ అంత జోరుతోనూ కొడుతుంది. చాలామంది పోయేది ఆ రెండో విడతలోనే అని ఆయన అన్నాడు.

పిడింగ్టన్ కొమ్ము రేకు మీద గీసింది ఇదే లెక్క. పదకొండో నంబరు ఎగరేసే అధికారి చేతిలో ఉండేది కూడా ఇదే: గాలి ఎటు తిరుగుతోంది, భారమితి ఎంత త్వరగా పడుతోంది. ఇది ఇంగ్లీషు పుస్తకాల్లో రాసి ఉంది, సరంగుల చేతుల్లో ఉంది. మన తీరప్రాంతపు బడి పుస్తకంలో మాత్రం ఒక పేజీ అయినా దీనికి దొరకాలి. అయిదో తరగతి పిల్లకి అర్థంకానిదేమీ ఇందులో లేదు.

ఫోన్లున్న ఈ కాలంలో తీగ తెగడమేమిటని అడిగేవాళ్ళకి 2014 అక్టోబరు 12 గుర్తుచెయ్యాలి. హుద్‌హుద్ విశాఖ మీదికే వచ్చింది. ఉదయానికే కరెంటు లేదు, టవర్లు కూలాయి, ఫోన్లు మూగబోయాయి. అంత పెద్ద నగరం, నౌకాదళ స్థావరం ఉన్న నగరం, పదకొండో నంబరులో రోజుల తరబడి బతికింది. ముందు అందిన హెచ్చరిక ఎన్నో ప్రాణాలు కాపాడింది, నిజం. తెగాక మాత్రం ప్రతి వీధీ తన పక్కింటివాళ్ళ మీదే ఆధారపడింది. నీళ్ళ ట్యాంకరు ఎక్కడుందో, ఏ ముసలమ్మకి ఇన్సులిన్ కావాలో, ఏ చెట్టు తీస్తే అంబులెన్సు పోతుందో చెప్పింది ఆ వీధివాళ్ళే.

ఈ విషయంలో మన పొరుగువాళ్ళు మనకంటే ముందున్నారు. 1970 నవంబరులో భోలా తుఫాను లక్షలమందిని మింగాక బంగ్లాదేశ్ తీరంలో వాలంటీర్ల దళం ఒకటి తయారు చేసుకున్నారు. వాళ్ళకీ కలకత్తా కాలం నాటి ఆ నంబర్ల వరసే వారసత్వంగా దక్కింది. జనానికి నంబర్లు ఎక్కవని గ్రహించి ఊరి మధ్య జెండాలు పెట్టారు. ఒకటి ఎగిరితే జాగ్రత్త, రెండయితే సర్దుకోవాలి, మూడయితే షెల్టరుకి పోవాలి. ఊరివాళ్ళే మెగాఫోను, చేత్తో తిప్పే సైరన్ పట్టుకుని ఇంటింటికీ పోతారు. ఇప్పుడు ఆ దళంలో డెబ్భై వేలకి పైగా ఉన్నారు. 1991 తుఫానులో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఎక్కువమంది పోయారు. ఇంట్లో మగవాడు లేకుండా, పరాయివాళ్ళ మధ్య షెల్టరులో ఉండలేక చాలామంది ఇళ్ళలోనే ఉండిపోయారు. ఇప్పుడు ఆ వాలంటీర్లలో సగం ఆడవాళ్ళు. ఆడమనిషి వచ్చి తలుపు తట్టి రమ్మంటే ఇంటి ఇల్లాలు కదులుతుంది.

మన దగ్గర డ్వాక్రా మహిళా సంఘాలు ప్రతి పల్లెలోనూ ఉన్నాయి. ఏ ఇంట్లో చూలాలుంది, ఎవరు మంచాన ఉన్నారు అన్నది ఆ సభ్యులకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నేను చూసిన షెల్టర్లలో కొన్ని బడులుగా నడుస్తున్నాయి, వాటి కిటికీలు, మెట్లు బాగున్నాయి. కొన్నిటికి తాళం వేసి ఉంది, తాళంచెవి మండల కేంద్రంలో ఉన్న మనిషి దగ్గరుందని చెప్పారు. ప్రతి షెల్టరు తాళంచెవీ ఆ ఊళ్ళోనే రెండిళ్ళలో ఉండాలి, అందులో ఒక ఇల్లు సంఘం లీడరుది కావాలి. తలుపు పక్క గోడమీద ఆ రెండిళ్ళవాళ్ళ పేర్లు, దాని కింద గాలి లెక్క మూడు వాక్యాల్లో రంగుతో రాయించాలి. అక్టోబరు రాకముందే, ఒక ఆదివారం సాయంత్రం, ఊరంతా ఒకసారి ఆ మెట్లు ఎక్కి చూడాలి: ముసలివాళ్ళు ఎక్కగలుగుతున్నారా, కుళాయిలో నీళ్ళొస్తున్నాయా, ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గడియ ఉందా.